సత్తు గిన్నెకి డిష్‌వాషర్ ఎందుకు పడదు?

డిష్‌వాషర్ కొన్న మొదటి వారంలోనే అమ్మ ఇచ్చిన పప్పు గిన్నె పోయింది. పోయింది అంటే చిల్లు పడలేదు, సొట్ట పడలేదు, రాత్రి తెల్లగా మెరుస్తూ లోపలికెళ్ళిన సత్తు గిన్నె పొద్దున తలుపు తీసేసరికి పలకలా నల్లగా తయారై కూర్చుంది, ముట్టుకుంటే వేళ్ళకి బూడిదరంగు అంటుకుంటోంది. మెషిన్‌లో ఏదో తేడా ఉందేమోనని సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేశా. అవతల అబ్బాయి చాలా మర్యాదగా "మేడమ్, సిల్వర్ గిన్నెలు పెట్టొద్దు మేడమ్" అన్నాడు. ఎందుకు బాబూ అంటే "అది అంతే మేడమ్" అన్నాడు. ఆ "అది అంతే" నాకు మింగుడు పడలేదు, అక్కడ మొదలైంది ఈ గొడవంతా.

హైదరాబాద్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌లోకి ఈ మెషిన్లు సంక్రాంతి పుణ్యమా అని వచ్చాయి. పనావిడ పండక్కి ఊరెళ్ళి పది రోజులు రాలేదు, ఆ పది రోజుల్లో మా ఫ్లోర్‌లోనే రెండు డిష్‌వాషర్లు దిగాయి, ఒకటి మాది. కొనేటప్పుడు షోరూమ్‌లో చూపించేవన్నీ పింగాణీ ప్లేట్లు, కాళ్ళున్న గాజు గ్లాసులు. మన ఇంట్లో ఉండేవేమో బగోనెలు, కడాయిలు, కుక్కర్, పెనం, ఇడ్లీ ప్లేట్లు. మా అత్తగారు వరంగల్ ఆవిడ, "బోళ్ళు" అంటారు, మా అమ్మ గుంటూరు, "అంట్లు" అంటుంది. ఎవరు ఏమన్నా అందులో సగం సామాను ఆ మెషిన్‌ని బుర్రలో పెట్టుకుని చేసింది కాదు.

ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేవి రెండే రకాలు. ఒకటి "ఇవి పెట్టొచ్చు, ఇవి పెట్టకూడదు" అనే లిస్టు, రెండోది ఏదో ఒక సెట్టు కొనమని చెప్పే పొగడ్త. లిస్టుతో చిక్కేంటంటే, అందులో లేని గిన్నె మన చేతిలో ఉన్నప్పుడు అది పనికి రాదు. అందుకని లోపల ఏం జరుగుతుందో ముందు అర్థం చేసుకుందాం, ఆ తర్వాత ఏ గిన్నె అయినా చేతిలోకి తీసుకుని మీరే చెప్పగలరు.

ఒక చిన్న పని చేయండి. మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి ఒక్కో దాంట్లో చిటికెడు పసుపు కలపండి. మొదటి దాంట్లో చేత్తో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క, రెండో దాంట్లో గిన్నెలు తోమే సబ్బు బిళ్ళ గీకిన పొడి, మూడో దాంట్లో డిష్‌వాషర్ పౌడర్ చిటికెడు. నేను చేసినప్పుడు మొదటిది పసుపుగానే ఉంది, రెండోది కొంచెం ఎరుపెక్కింది, మూడోది మాత్రం చెంచాతో ఇలా తిప్పానో లేదో అచ్చం దిష్టి నీళ్ళలా ఎర్రగా అయిపోయింది. దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే వచ్చే ఎరుపు, కాళ్ళకి పెట్టే పారాణి ఎరుపు, తెల్ల చొక్కా మీద పడ్డ కూర మరకకి సబ్బు తగలగానే వచ్చే ఎరుపు, అన్నీ ఒకటే సంగతి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది.

అంటే డిష్‌వాషర్ డిటర్జెంట్ గట్టి క్షారం. పులుపునీ క్షారాన్నీ కొలిచే అంకె పీహెచ్, మామూలు నీళ్ళకి అది 7 అనుకుంటే, చేత్తో కడిగే లిక్విడ్ కూడా దాని చుట్టుపక్కలే ఉంటుంది, డిష్‌వాషర్ పౌడర్ కలిసిన నీళ్ళు మాత్రం 10, 11 దగ్గర ఉంటాయి. పీహెచ్‌లో ఒక్కో మెట్టూ పది రెట్లు, కాబట్టి మూడు మెట్లు తేడా అంటే వెయ్యి రెట్లు. ఎందుకంత గట్టిగా పెట్టారు అంటే ఆ మెషిన్‌కి చేతులు లేవు, పీచు పెట్టి రుద్దదు, నీళ్ళు చిమ్మి వదిలేస్తుంది, కాబట్టి నూనె, గంజి, ఎండిపోయిన పప్పు, వీటన్నిటినీ ఊడగొట్టే పని మొత్తం డిటర్జెంట్ మీదే పడింది. సోడా నూనెని సబ్బుగా మార్చేస్తుంది, ఎంజైములు గంజినీ పప్పునీ ముక్కలు చేస్తాయి, బ్లీచ్ టీ మరకల్ని తీస్తుంది.

మరి అమ్మమ్మలు బూడిదతో తోమేవాళ్ళు కదా, బూడిద కూడా క్షారమే కదా, అప్పుడు ఏ గిన్నే నల్లబడలేదే అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే, నాకూ ఇదే అనుమానం వచ్చింది. తేడా వేడిలో ఉంది, టైములో ఉంది. బావి దగ్గర చల్లటి నీళ్ళతో రెండు నిమిషాలు రుద్ది కడిగేయడం వేరు, 60, 70 డిగ్రీల నీళ్ళలో అరగంట, ముప్పావు గంట నానడం వేరు. కెమిస్ట్రీలో ఒక మోటు లెక్క ఉంది, వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయనిక చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుందని. ఆ లెక్కన 30 డిగ్రీల నుంచి 60కి వెళ్తే ఎనిమిది రెట్లు. ఇది రోజూ జరుగుతుంది, ఏడాదికి 365 సార్లు. ఒకసారి పెడితే ఏమీ కాలేదు కదా అని ధీమాగా ఉన్న గిన్నె వందోసారికి తన అసలు రంగు చూపిస్తుంది.

ఇప్పుడు సత్తు గిన్నె దగ్గరికొద్దాం. సత్తు అన్నా సిల్వర్ గిన్నె అన్నా అల్యూమినియమే, వెండికీ దానికీ సంబంధం లేదు. అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం, గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసిపోతుంది, కానీ అలా కలవగా పైన ఏర్పడే పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహానికి కవచంలా కూర్చుంటుంది. ఆ కవచం మందం కొన్ని నానోమీటర్లే. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్యలో అది బాగానే నిలుస్తుంది, అంతకంటే పులుపైనా కరుగుతుంది, అంతకంటే క్షారమైనా కరుగుతుంది. డిష్‌వాషర్‌లో కవచం కరిగిపోయి కింద లోహం బయటపడుతుంది, అది నీళ్ళతో కలిసి గరుకైన కొత్త పొర కడుతుంది, ఆ పొరే ఆ నలుపు, వేళ్ళకి అంటిన బూడిదరంగూ అదే.

ఇదంతా చదివి పక్కన పెట్టాక ఒక రోజు ఇడ్లీ పెడుతూ ఉంటే తట్టింది, ఇది మన వంటింట్లో అందరికీ తెలిసిన విషయమేనని. సత్తు ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్ళు పోశాక అమ్మ ఒక చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మచెక్కో వేసేది. అడిగితే "లేకపోతే గిన్నె నల్లబడుద్దే" అనేది. బోరు నీళ్ళు మరిగేకొద్దీ క్షారం వైపు జరుగుతాయి, వేడికి తోడు ఆ క్షారం, అందుకే పాత్ర నీళ్ళున్నంత మేర నల్లగా గీత గీసినట్టు అవుతుంది. చింతపండు వేస్తే నీళ్ళు పులుపు వైపు వస్తాయి, గిన్నె తెల్లగా ఉంటుంది. డిష్‌వాషర్‌లో జరిగేది అదే, కాకపోతే చింతపండు లేకుండా, ఇంకా చాలా గట్టిగా. నా పప్పు గిన్నెని కూడా అలాగే బాగుచేశా, నిండా నీళ్ళు పోసి ఉసిరికాయంత చింతపండు వేసి పావుగంట మరిగిస్తే నలుపు చాలావరకు పోయింది, కానీ ఆ పాత నునుపు మాత్రం రాలేదు. పైన గరుకు మిగిలింది, పప్పు ఇప్పుడు తొందరగా అడుగంటుతోంది.

ఇక్కడ చాలామంది పడే చిక్కు పేర్లతో. హిండాలియం అంటే వేరే ఏదో లోహం అనుకుని మెషిన్‌లో పెట్టేస్తారు. అది హిందుస్తాన్ అల్యూమినియం అన్న పేరులోంచి పుట్టిన మాట, అల్యూమినియంలో మెగ్నీషియం లాంటివి కొంచెం కలిపి గట్టిపరిచిన మిశ్రమం, అంతే. సత్తు గిన్నెకి ఏది వర్తిస్తుందో దీనికీ అదే. హార్డ్ ఆనోడైజ్డ్ ఇంకా మోసం చేస్తుంది, నల్లగా గంభీరంగా ఉంటుంది కదా, ఇదేం చెక్కుచెదరదులే అనిపిస్తుంది. కానీ అది కూడా అల్యూమినియమే. యాసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పెట్టి ఆ సహజమైన కవచాన్నే పదుల మైక్రాన్ల మందానికి పెంచుతారు, అంటే వేల రెట్లు. గీతలకి, రుద్దుడికి అది నిజంగానే గట్టిది, కానీ పదార్థం మారలేదు, అదే అల్యూమినియం ఆక్సైడ్, క్షారానికి అదే బలహీనత. ఒక్క రోజులో పోదు, మెల్లగా వెలిసిపోయి మచ్చలు మచ్చలుగా తెల్లబడుతుంది. డిష్‌వాషర్‌కి పనికొస్తుందని కంపెనీ స్పష్టంగా రాసిన హార్డ్ ఆనోడైజ్డ్ రకాలు కొన్ని ఉంటాయి, పైన ఇంకో పూత వేసినవి. అలా రాసి లేకపోతే చేత్తోనే.

నాన్‌స్టిక్ విషయం కొంచెం వింతగా ఉంటుంది. పీటీఎఫ్ఈ, అదే టెఫ్లాన్ అంటాం చూడండి, 1938లో రాయ్ ప్లంకెట్ అనే ఆయన డ్యూపాంట్ కంపెనీలో వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా బయటపడింది, దానికి క్షారం అంటే లెక్కే లేదు, యాసిడ్ అన్నా లెక్క లేదు. మరి నాన్‌స్టిక్ పెనం డిష్‌వాషర్‌లో ఎందుకు పాడవుతుంది? పూత పాడవదు, పూత కింది అల్యూమినియం పాడవుతుంది. అంచు దగ్గర, హ్యాండిల్ రివిట్ల చుట్టూ, గరిటె గీసిన గీతల్లో పూత పల్చబడి ఉంటుంది, అక్కడ నుంచి నీళ్ళు దూరి కింది లోహాన్ని తింటూ పోతే పైన పూత గోడ సున్నంలా పొక్కి లేస్తుంది. బయటి వైపు పూత లేకుండా ఉన్న అడుగు భాగం సరేసరి, మొదటి నెలలోనే నల్లబడుతుంది. సిరామిక్ కోటింగ్ అని అమ్మేవి ఇంకా సున్నితం, వాటి పూతలో ఉండేది సిలికా, అది క్షారానికి మెల్లగా అరుగుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, జారుడు మాత్రం పోతుంది, గుడ్డు వేస్తే అతుక్కుంటుంది.

ఇక స్టీలు. అసలు సమాధానం స్టీలే, కానీ "స్టీలు" అన్న ఒక్క మాట కింద చాలా సరుకు ఉంది. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే పైన క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది, అదే తుప్పుని ఆపేది. ఈ పొరకి క్షారం అంటే భయం లేదు, ఇదే అల్యూమినియానికీ స్టీలుకీ ఉన్న అసలు తేడా. 304 గ్రేడ్ అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, అందుకే 18/8 అని కూడా రాస్తారు. 316లో మాలిబ్డినం కూడా ఉంటుంది, ఉప్పుకి ఇంకా బాగా తట్టుకుంటుంది, ఇంటి వంటకి అంత అవసరం లేదని నా ఉద్దేశం. 430లో నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం పడుతుంది, ఇండక్షన్ గిన్నెల అడుగుకి వాడతారు. బేగంబజార్‌లో కిలోల లెక్కన తూచి ఇచ్చే సామానులో చాలావరకు 200 సిరీస్, నికెల్ తగ్గించి మాంగనీసు వేసింది. దాన్ని తప్పు అనలేం, గ్లాసులకీ ప్లేట్లకీ బాగానే నడుస్తుంది, కానీ ఉప్పు తగిలి తడిగా ఉంటే 304 కంటే ముందే చుక్కలు పడుతుంది.

అయస్కాంతం పెట్టి చూడండి, పడకపోతే అసలైన స్టీలు అని షాపులో చెప్తారు, నేనూ పర్సులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్ళా. అది 430ని 304 నుంచి వేరు చేస్తుంది, అంతవరకే. 200 సిరీస్‌కి కూడా అయస్కాంతం పడదు, కాబట్టి మీరు దేనికైతే భయపడుతున్నారో అది ఈ పరీక్షలో హాయిగా పాసైపోతుంది. గిన్నె అడుగున 304 అని గుద్ది ఉందా, ఐఎస్ఐ మార్కు ఉందా, బిల్లు మీద గ్రేడ్ రాసిస్తారా, ఇవి చూడాలి. స్టీలు సామానుకి ఐఎస్ 14756, అల్యూమినియం సామానుకి ఐఎస్ 1660, కుక్కర్లకి ఐఎస్ 2347, మార్కు పక్కన ఈ నంబర్లు కనిపించాలి. ఊరికే "ఫుడ్ గ్రేడ్" అని రాసి ఉంటే నాకు మాత్రం అది స్టిక్కరే.

మంచి స్టీలు గిన్నె మీద కూడా మెషిన్‌లోంచి తీశాక గోధుమరంగు చుక్కలు కనిపిస్తే వెంటనే షాపువాడిని తిట్టకండి. ఆ తుప్పు చాలాసార్లు గిన్నెది కాదు. స్టీలు పీచుతో రుద్దినప్పుడు విరిగిన పోగో, ఏదో హ్యాండిల్‌కి ఉన్న ఇనప స్క్రూనో, పొరపాటున పెట్టిన ఇనప అట్లకాడో తుప్పు వదిలితే ఆ రేణువులు నీళ్ళతో తిరిగి అన్నిటి మీదా వాలతాయి. తుడిస్తే పోతే అది అతిథి తుప్పు. తుడిచినా పోకుండా సూదితో గుచ్చినట్టు చిన్న గుంట ఉంటే అది ఉప్పు పని. సాంబారు, పులుసు మిగిలిన గిన్నెని రెండు రోజులు మెషిన్ నిండేదాకా అలాగే లోపల ఉంచితే ఆ ఉప్పు ఒకే చోట కూర్చుని పొరని తొలుస్తుంది. అందుకని గబుక్కున ఒకసారి నీళ్ళతో తొలిపి పెట్టడం మేలు. ఇంద్రధనుస్సు రంగులు వస్తే మాత్రం భయం లేదు, ఎక్కువ వేడికి పైపొర మందం మారి కనిపించే రంగులవి, నిమ్మచెక్కతో పోతాయి.

ఇప్పుడు అందరూ కొంటున్న ట్రైప్లై, అంటే మూడు పొరల రేకుతో చేసిన గిన్నెలు. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే డిష్‌వాషర్ సేఫ్ అని పెద్ద అక్షరాలతో అమ్మేది ఇదే, సగం నిజం ఉన్నదీ ఇక్కడే. లోపల 304, బయట 430, మధ్యలో అల్యూమినియం. వేడి సమంగా పాకడానికి ఆ అల్యూమినియం కావాలి, స్టీలు ఒక్కటే అయితే మంట ఉన్నచోటే మాడుతుంది. లోపలా బయటా స్టీలే కాబట్టి క్షారం ఏం చేయలేదు, నిజమే. కానీ అంచు? రేకుని కోసిన చోట మూడు పొరలూ పైకి కనిపిస్తాయి. నా కడాయి అంచుని వెలుతురులో పెట్టి చూస్తే బిస్కెట్‌లో క్రీమ్ ఉన్నట్టు మధ్యలో ఒక బూడిదరంగు గీత కనిపిస్తుంది. ఏడాది పాటు వారానికి నాలుగైదు సార్లు మెషిన్‌లో పెట్టాక ఆ గీత గాడి అయింది, గోరు పెడితే దిగబడుతోంది. మధ్యలో అల్యూమినియం కరిగిపోయి రెండు వైపులా స్టీలు రేకులు బ్లేడుల్లా నిలబడ్డాయి. పీచుతో తోముతుంటే మా ఆయన వేలు తెగింది, అప్పటిదాకా నేను చెప్తే నమ్మలేదు.

ఇది నా ఒక్కదాని గోల కాదు. అమెరికాలో ట్రైప్లైకి పేరుమోసిన ఆల్‌క్లాడ్ మీద అక్కడి కస్టమర్లు సరిగ్గా ఇదే విషయం మీద, డిష్‌వాషర్ సేఫ్ అన్నారు కానీ అంచులు పదునెక్కి తెగుతున్నాయి అని కోర్టుకెళ్తే అది సెటిల్మెంట్ దాకా వెళ్ళింది. కాబట్టి ట్రైప్లై కొనొద్దు అనడం లేదు, అంచు చూసి కొనండి అంటున్నా. కొన్ని రకాల్లో లోపలి స్టీలుని అంచు మీదుగా బయటికి మడిచి అల్యూమినియం కనిపించకుండా మూసేస్తారు. షాపులో వేలితో అంచు చుట్టూ ఒకసారి తడమండి, ఫోన్ టార్చ్ వేసి చూడండి, మూడు గీతలు కనిపిస్తే అది చేత్తో కడగాల్సిన కడాయి, డబ్బా మీద ఏం రాసినా సరే.

దీనికంటే చవకగా, మెషిన్‌కి ఇంకా బాగా సరిపోయేది శాండ్‌విచ్ బాటమ్ గిన్నె. మొత్తం స్టీలు, అడుగున మాత్రం ఒక అల్యూమినియం బిళ్ళ, దాన్ని పైనా కిందా పక్కలా స్టీలుతో పూర్తిగా కప్పేస్తారు. ఆ "పక్కలా" అన్నది ముఖ్యం, తిరగేసి చూస్తే బిళ్ళ చుట్టూ తెల్లటి మ్యాట్ రంగు గీత కనిపిస్తే కప్పలేదని అర్థం. రాగి అడుగు ఉన్నవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మెషిన్‌లో ఆ రాగి మట్టిరంగుకి తిరుగుతుంది, వంటకి నష్టమేమీ లేదు, ముచ్చట పోతుంది అంతే.

కుక్కర్ దగ్గర రూలు కొంచెం మారుతుంది, ఇక్కడ అందం సంగతి కాదు. అల్యూమినియం కుక్కర్ అయితే ఎలాగూ పెట్టకూడదు. స్టీలు కుక్కర్ గిన్నె పెట్టుకోవచ్చు, మూత మాత్రం చేత్తో కడుగుతాను. మూతలో విజిల్ కూర్చునే సన్నటి గొట్టం ఉంది కదా, మెషిన్‌లో తిరిగే నీళ్ళలో ఉన్న అన్నం మెతుకో కందిపప్పు పొట్టో వచ్చి అందులో ఇరుక్కుంటే బయటికి తెలియదు, మళ్ళీ స్టవ్ మీద పెట్టినప్పుడు తెలుస్తుంది. గ్యాస్కెట్ రబ్బరు కూడా రోజూ వేడి సోడా నీళ్ళలో నానితే తొందరగా గట్టిపడి ఆవిరి వదిలేస్తుంది. రెండు నిమిషాల పని, కుళాయి కింద పట్టి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూసి ఆరబెట్టేయడమే.

మిక్సీ జార్‌దీ ఇదే కథ, స్టీలే కదా అని పెట్టేస్తారు, బ్లేడు కింద తిరిగే బుష్‌లోకి నీళ్ళు దూరి గ్రీజు కడుక్కుపోతుంది, నాలుగు నెలల్లో అడుగు నుంచి నల్లటి నీళ్ళు కారడం మొదలవుతుంది. దోశ పెనం, ఇనప మూకుడు గురించి చెప్పాలా? వాటి మీద నల్లటి నునుపు అంటే ఏళ్ళ తరబడి కాగి గట్టిపడిన నూనె, డిష్‌వాషర్ పుట్టిందే నూనెని ఊడగొట్టడానికి. ఇత్తడి, రాగి, కంచు, కళాయి వేసినవి, వెండి కుంకుమ భరిణె, చెక్క పప్పుగుత్తి, అప్పడాల కర్ర, ఇవన్నీ కూడా బయటే.

ఇంతా చేసి మంచి స్టీలు కొన్నాక కూడా గిన్నెల మీద తెల్లటి మచ్చలు వస్తున్నాయంటే గిన్నెని తిట్టి లాభం లేదు, అది మన నీళ్ళ గోల. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు కుళాయిలో వచ్చే ఇళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండదు. బోరు మీద, ట్యాంకర్ మీద బతికే మాలాంటి అపార్ట్‌మెంట్లలో నీళ్ళు రాళ్ళలోంచి వచ్చినవి, అందులో కాల్షియం, మెగ్నీషియం నిండా ఉంటాయి, వేడి చేస్తే అవి గిన్నెల మీద సున్నంలా దిగుతాయి. ఈ కాల్షియం, మెగ్నీషియం లెక్కనే హార్డ్‌నెస్ అంటారు, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం ప్రకారం అది లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ సొసైటీ నీటి రిపోర్టులో ఎంతుందో అడగండి.

ఈ నంబరు ఎందుకంటే డిష్‌వాషర్‌లో ఉప్పు వేసే డబ్బా ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. దానికి కలిపి ఉండే రెజిన్ అనే సన్నటి పూసల పదార్థం నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకుని సోడియం వదులుతుంది, రెజిన్ నిండిపోతే ఉప్పు నీళ్ళు దాన్ని మళ్ళీ కడుగుతాయి. అది ఎంత తరచుగా జరగాలో మెషిన్‌కి మనమే చెప్పాలి. సెట్టింగ్ చాలా మెషిన్లలో జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది, ఒక డిగ్రీ అంటే లీటరుకి సుమారు 17.8 మిల్లీగ్రాములు, రిపోర్టులో 356 ఉంటే 20 డిగ్రీల దగ్గర పెట్టాలి. దీనికి వాడే ఉప్పు డిష్‌వాషర్ సాల్ట్ అని విడిగా దొరుకుతుంది, వంటింటి అయోడిన్ ఉప్పు పోయకండి, అది గడ్డ కట్టకుండా కలిపే పదార్థాలు లోపల అడ్డం పడతాయి. పోసేటప్పుడు కింద ఒలికితే వెంటనే ఒక రౌండ్ తిప్పేయండి, ఆ ఒలికిన ఉప్పే రాత్రంతా కూర్చుని మంచి స్టీలుకి కూడా గుంటలు పెడుతుంది.

కొనడానికి వెళ్ళేముందు టేప్ తీసుకుని మెషిన్ కింది అర ఎత్తు, వెడల్పు కొలుచుకోండి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బేగంబజార్‌లో బేరమాడి తెచ్చిన ఐదు లీటర్ల బగోనె అద్భుతమైన స్టీలు, లోపల బోర్లిస్తే నీళ్ళు చిమ్మే రెక్కకి తగిలి అది తిరగడం ఆగిపోయింది, గంటన్నర తర్వాత తీస్తే అన్నీ ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. మూతి ఇరుకుగా ఉన్నవి కూడా అంతే, చెంబు లోపలికి నీళ్ళు వెళ్ళవు. అంచుని చుట్టలా చుట్టిన గిన్నెల్లో ఆ మడతలోకి నీళ్ళు, నూనె దూరి బయటికి రావు, తీశాక టేబుల్ మీద పెడితే మెల్లగా కారతాయి, తుప్పు మొదలయ్యేది కూడా ఆ మడతలోంచే. హ్యాండిల్ స్టీలుది అయి అతికించి ఉంటే మంచిది, నల్లటి గట్టి ప్లాస్టిక్, అదే బేకలైట్ అయితే ఏడాదికి తెల్లబారుతుంది, దాని స్క్రూ అంతకంటే ముందు తుప్పు పడుతుంది.

అన్నీ పారేసి కొత్త సెట్టు కొనమని మాత్రం నేను చెప్పను. మా ఇంట్లో కొత్తగా కొన్నవి మూడే, రెండు శాండ్‌విచ్ బాటమ్ గిన్నెలు, ఒక అంచు మూసిన కడాయి. ప్లేట్లు, గ్లాసులు, గరిటెలు, స్టీలు డబ్బాలు, కుక్కర్ లోపలి గిన్నెలు, స్టీలు ఇడ్లీ ప్లేట్లు అన్నీ పాతవే, అన్నీ మెషిన్‌లోకే వెళ్తున్నాయి. సింకులో మిగిలేవి కుక్కర్ మూత, పెనం, మిక్సీ జార్, పాత ట్రైప్లై కడాయి, అమ్మ సత్తు గిన్నె. ఆ ఐదింటికి పది నిమిషాలు పడుతుంది, ఆ పనికి పనావిడ సంక్రాంతికి ఊరెళ్ళినా ఏమీ ఆగదు. మొన్న అమ్మ వచ్చి ఆ గిన్నె చూసి, "దీనికి ఏం పోశావే, ముఖం మాడ్చుకుని ఉంది" అంది. మెషిన్‌లో పెట్టానని చెప్పలేదు, బోరు నీళ్ళమ్మా అన్నాను.